నాలుగో చుట్టులో బిగుసుకున్న నట్టు

నేను తీర్థయాత్రలకు వెళ్ళను. వెళ్ళేవాళ్ళను మళ్ళించడానికి రైల్వే స్టేషన్ల ముందు నిలబడి కరపత్రాలు పంచినవాణ్ణి. అలాంటి నేను ఈ వేసవిలో ఒక నట్టు కోసం సికింద్రాబాదు వెళ్ళి మూడు రోజులు తిరిగి వచ్చాను. దారిలో నిష్ఠ పాటించాను, దారి చూపినవాళ్ళ మాట విన్నాను, చివరికి నా అజ్ఞానాన్ని ఒప్పుకొని తిరిగొచ్చాను. దీన్ని యాత్ర అనకూడదని వాదించే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

ముందు పందెం సంగతి చెప్పాలి. వెంకటరత్నం చీరాలలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మా హేతువాద సంఘానికి కార్యదర్శి. ఈ వేసవి మొదట్లో ఇంగ్లండులో తయారైన ఒక పాత మోటారుసైకిలు కొన్నాడు. అది ఆయనకన్నా వయసులో పెద్దది. ఆయన భార్య సుభద్రమ్మ బండికి పూజ చేయిస్తానంది. రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ, హారతి. నేను అరగంట ఉపన్యాసం ఇచ్చి ఆ పూజ ఆపించాను.

మూడో వారంలో ఇంజనును ఫ్రేముకు పట్టి ఉంచే స్టడ్డు మీది నట్టు ఎక్కడో జారిపోయింది. స్టడ్డు అంటే రెండు చివరలా మర ఉన్న కడ్డీ. మర అంటే దాని ఒంటి మీద మెలికలు తిరిగే గాడి. నేను స్కేలు పెట్టి కొలిచాను. ఎనిమిది మిల్లీమీటర్లు వచ్చింది. ఎనిమిది మిల్లీమీటర్ల సన్నమర నట్టు తెచ్చి ఎక్కించాను. మూడు చుట్లు వెన్నలా తిరిగింది. నాలుగో చుట్టులో బిగుసుకుంది. బిగించాను. ఈ ‘బిగించాను’ అన్న మాట మీద తర్వాత విచారణ జరుగుతుంది.

నాలుగు రోజులకు ఆ నట్టూ ఊడింది. నడిబజారులో ఇంజను ఊగింది, బండి పడింది, దానితో వెంకటరత్నం పడ్డాడు. చీలమండ బూరెలా వాచింది.

“ఆ రోజు నిమ్మకాయ పెట్టనిస్తే ఈ రోజు ఈ కట్టు ఉండేదా అన్నయ్యగారూ?” అంది సుభద్రమ్మ.

నేను ఊరుకోలేదు. ‘మరకు మహిమ లేదు’ అని ఒక కరపత్రం అచ్చువేయించాను. అయిదువందల ప్రతులు. నట్టు ఊడటానికి కారణం దైవాగ్రహం కాదు, తయారీలోపం అని అందులో నిరూపించాను. సుభద్రమ్మ దాన్ని చదివి, మడిచి, బియ్యండబ్బా మూత కింద పెట్టి ఒక షరతు పెట్టింది. వచ్చే ఆదివారం పదిగంటలకల్లా సరైన నట్టు పడి బండి ఊరు చుట్టి వస్తే పూజ ఊసెత్తదు. లేకపోతే పూజ జరుగుతుంది, హారతి పళ్ళెం నేను పట్టుకోవాలి, కొబ్బరికాయ నేనే కొట్టాలి. సంఘసభ్యులు తొమ్మిదిమంది చూస్తుండగా ఒప్పుకున్నాను.

స్టడ్డు ఊడదీసి రుమాల్లో చుట్టుకొని బయలుదేరాను.

మల్కాజ్‌గిరి

మా పిన్ని కొడుకు సాంబశివరావు ఉద్యోగం కోసం వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డాడు. అతని ఇంట్లో దిగాను. పెసరట్టు మన ఊరిదే, పక్కన చట్నీ మాత్రం పుట్నాలపప్పుకు మారిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉన్నా సాంబడు కూరలో కారం చాలలేదని ఇప్పటికీ రోజుకోసారి ఈ నగరాన్ని నిందిస్తాడు. కారం నగరం వేయదు, ఇంట్లోవాళ్ళు వేస్తారని చెప్పి చూశాను. నిందించడానికి నగరం ఉంటే సంసారం సుఖంగా ఉంటుందట.

“ఒక నట్టు కోసం ఇంత దూరమా అన్నయ్యా! ఫోన్లో ఆర్డర్ పెడితే రేపు గుమ్మంలో ఉంటుంది,” అన్నాడు.

“పెట్టు.”

ఫోను తీశాడు. “ఏ నట్టు?”

“అది తెలుసుకోవడానికే వచ్చాను.”

ఫోను లోపల పెట్టేసి, రెండో పెసరట్టు వేయమని లోపలికి కేకేశాడు.

పొద్దున లోకల్ రైలెక్కి సికింద్రాబాదు వచ్చాను. స్టేషన్ బయట ఒక కానిస్టేబులు నా చేతిలో రుమాలు విప్పించాడు. ఇనపకడ్డీ చూసి అనుమానపడతాడనుకున్నాను. దాన్ని వెలుతురులో పెట్టి, ఒక కన్ను మూసి చూసి, “స్కూటర్‌దా పెద్దాయన? గిది మూడు సూత్ ఉంటది,” అని ఇక్కడి ఇనుము కొలతలో తీర్పిచ్చి పంపాడు. ఈ నగరంలో ఇనుము మీద అభిప్రాయం లేని మనిషి నాకు కనపడలేదు.

రెజిమెంటల్ బజార్

నట్లు, బోల్టులు కిలోలెక్కన అమ్మే దుకాణం అది. త్రాసులో ఒక పక్క రాయి, ఇంకో పక్క మరమేకులు. మా ఊళ్ళో ఇలా అమ్మేది బెల్లం. యజమాని ముక్కు మీద కళ్ళజోడు, దానికో తాడు. నా స్టడ్డును అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు.

“ఏ బండిది సార్?”

“పాత ఇంగ్లండు బండిది.”

“ఎయిట్ ఎంఎం. ఫైన్ చూడీ. దునియా మొత్తం గదే నడుస్తున్నది.”

మరను ఇక్కడ చూడీ అంటారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నాతో ఏకీభవించేవాడు అందరికన్నా తెలివైనవాడని మనసుకు వెంటనే తోస్తుంది. ఒక నట్టు తీసి ఎక్కించాడు. ఒకటి, రెండు, మూడు. ఆగింది.

“ఇగ ఈడ జెర దమ్ము వెట్టాలె,” అన్నాడు.

“పెట్టాం.”

“మళ్ళ?”

“ఊడిపోయింది.”

ఆయన ఏమాత్రం కంగారుపడలేదు. బల్ల కింది నుంచి సుతిలి ఉండ తీశాడు. “నాలుగు పోగులు సుట్టి బిగియ్యున్రి. సచ్చేదాక ఊడది.”

“నారతాడు చుడితే గాని నిలవనిది సరైన నట్టు ఎలా అవుతుంది?”

“నట్టు సరైందే సార్. మీ స్టడ్డు నసీబే మంచిగ లేదు.”

అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఇనుముకు నసీబు ఏమిటి? అది ఎక్కడ రాసి ఉంది, కడ్డీ ఏ చివర? ముప్పావుగంట వాదించాను. ఆయన ఆ ముప్పావుగంటలో పదిమందికి సరుకు తూచి ఇచ్చి, మధ్యమధ్య నాకు “సహీ బాత్ సార్” అని జవాబిచ్చాడు. నాకు ఉన్న అనుభవంలో ఇంత హాయిగా ఓడిపోయిన ప్రతివాది లేడు. ఈలోగా నా కంట ఇంకోటి పడింది. ‘ఇంగ్లీష్’ అని రాసిన డబ్బా, ‘జపాన్’ అని రాసిన డబ్బా ఖాళీ అయితే, రెండింటినీ ఒకే గోతంలోంచి నింపాడు.

తలుపు బందులు కొంటున్న ఒకాయన నా భుజం తట్టాడు. “పెద్దాయన, మీ లొల్లి అయిపోతే చిలకలగూడల యాదగిరి మేస్త్రి కాడికి పోన్రి. పాత బండ్ల చూడీలు ఆయన ఇంట్ల చెప్తరు.”

‘ఇంట్ల’ అంటే ఇంటి దగ్గర అని అర్థం చేసుకున్నాను. ఆ ఇంట్లో చెప్పేది ఎవరన్నది మర్నాటిదాకా నాకు అర్థం కాలేదు.

మూలమలుపులో ఇరానీ హోటల్లో కూర్చున్నాను. చాయ్ పాతిక రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు రెండు గ్లాసులు వస్తాయి, కానీ ఆ రెండూ తాగినా ఈ ఒక్కదాని చిక్కదనం రాదు. ఉస్మానియా బిస్కెట్టును చాయ్‌లో ముంచి, విరిగి పడకముందే నోట్లో పెట్టుకోవాలి. మొదటిది పడిపోయింది. ఎదురుగా ఉన్న ముసలాయన తన చెంచా నావైపు జరిపాడు.

చిలకలగూడ

మర్నాడు వెళ్ళాను. సన్నటి సందులో ముందుగది మొత్తం లేతు మిషను. లేతు అంటే ఇనుపకడ్డీని గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం. దాని నెత్తిన నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. గడపలో ఒకావిడ చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతోంది.

“అమ్మా, మేస్త్రి గారున్నారా? కాసిని మంచినీళ్ళిస్తారా?”

నీళ్ళిచ్చింది. తాగాను. యాదగిరి మేస్త్రి లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అరవైకి అటూ ఇటూ ఉంటాడు. నేను స్టడ్డు చాపితే ముట్టుకోలేదు.

“ఆమెకియ్యున్రి.”

“ఎవరికి?”

“అండాలుకు,” అంటూ గడపలో ఉన్న తన భార్యను చూపించాడు. “కోసుడు నాది, చూసుడు ఆమెది. ముప్పై ఏండ్ల సంది గట్లనే.”

స్త్రీల సమానత్వం మీద నేను లెక్కలేనన్ని ఊళ్ళలో మాట్లాడాను. ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సిగ్గు కప్పుకోవడానికి నిమ్మకాయ మీద పడ్డాను. ఇంత సూక్ష్మమైన పని చేసే మనిషి మిషనుకు మిరపకాయలు కట్టడమేమిటని అడిగాను.

“నిమ్మకాయ మిషిన్‌కు సార్,” అన్నాడు యాదగిరి. “లెక్క మనకు.”

అంతలో అండాలు స్టడ్డు కోసం చెయ్యి చాపింది. ఇస్తూ, సాయం చేద్దామని, “ఎనిమిది మిల్లీమీటర్లు,” అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. యాదగిరి తలపట్టుకున్నాడు. “అరె, పేరు చెప్పిన్రా! పేరు చెప్పొద్దు సార్ ఈడ.”

“ఎందుకని?”

“పేరు చెప్తే కండ్లు గదే చూస్తయ్,” అంది అండాలు. “ఆ మూలకు వెట్టున్రి. నేను మర్శిపోవాలె. పొద్దుగూకే యాళ్ళకు చూస్త.”

ఇది ఆ ఇంటి ఆచారం. తెచ్చినవాడు మర పేరు చెప్పకూడదు. చెప్తే ఆ ముక్క మూలన పడి ఉండాలి, ఆమె వేరే పనిలో పడి మరిచిపోవాలి. నాకు మండిపోయింది. ఎంత మూఢత్వం! అని నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే పాతికేళ్ళుగా నేను ప్రతి జ్యోతిష్కుణ్ణీ సవాలు చేసేది ఇదే: పేరు చెప్పను, ఊరు చెప్పను, జాతకం ఒక్కటే ఇస్తాను, చూసి చెప్పు. ఒక్కడూ ఒప్పుకోలేదు. ఈవిడ అదే షరతు నా చేత ఒప్పించింది.

ఆ మధ్యాహ్నమంతా గడపలో కూర్చున్నాను. అండాలు సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి గిన్నె అడుగుకు అద్ది, వేలితో చిల్లులు పొడిచి కాలుస్తారు. మా వైపు తపాళ చెక్క అంటారు దీన్నే. ఆ సంగతి చెప్తే యాదగిరి నమ్మలేదు. “మీ దిక్కు గిన్ని నువ్వులు ఎయ్యరు,” అన్నాడు, ఎప్పుడూ మా దిక్కు రాకుండానే. ముక్క విరిచి ఇస్తూ నా చేతి వంక అండాలు ఒక క్షణం ఎక్కువ చూసింది. ఆకలి మనిషినని చూసిందనుకున్నాను.

చెయ్యి చూడటం

ఎండ వాలాక ఆమె స్టడ్డు తీసింది. పాడవని చివర మీద ఒక అంగుళం కొలిచి గీత పెట్టింది. సూది మొనను మొదటి గాడిలో ఆనించి మెల్లగా లాగింది. ఒక్కో గాడికీ టిక్కుమని సూది ఎగిరిపడుతుంటే పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ఇరవై ఆరో టిక్కు సరిగ్గా గీత మీద కూర్చుంది. తర్వాత గోడకు వేలాడుతున్న తీగకు కట్టిన బోల్టుల్లోంచి మర ముందే తెలిసిన ఒకటి తీసి, రెండింటి పళ్ళూ ఒకదానిలో ఒకటి పడేలా ఆనించి కిటికీకెదురుగా పట్టింది. వెలుతురు రాలేదు. మిల్లీమీటర్ల బోల్టు ఇంకోటి పెట్టింది. ఒక చివర వెంట్రుకంత వెలుతురు.

“సైకిల్ చూడీ,” అంది. “ఢాయీ సూత్. అంగుళానికి ఇరవై ఆరు. మిల్లీమీటర్‌ది గాదు.”

యాదగిరి నాకు విడమరిచాడు. పాత ఇంగ్లండు బండ్లలో నాలుగైదు రకాల మరలు కలిసి ఉంటాయి. ఒకటి ముతక, ఒకటి సన్నం, ఇది సైకిళ్ళ నుంచి వచ్చిన మరీ సన్నమర. అన్నీ అంగుళం లెక్కలే. ఢాయీ సూత్ అంటే రెండున్నర సూత్. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్. రెండున్నర సూత్ ఎనిమిది మిల్లీమీటర్లకు ఇంచుమించు సమానం. ఒక గాడికీ ఇంకో గాడికీ మధ్య దూరం కూడా మిల్లీమీటరుకు ఇంచుమించు సమానం. ఆ ఇంచుమించు ప్రతి చుట్టుకూ పోగవుతూ వస్తుంది.

“మూడు సుట్లకు ఎవ్వలైనా సోపతి చేస్తరు సార్,” అన్నాడు. సోపతి అంటే స్నేహం. “నాలుగో సుట్టుకు తెలుస్తది.”

ఈలోగా అండాలు స్టడ్డు తిప్పి రెండో చివర చూస్తోంది. నేను నట్టు ఎక్కించిన చివర.

“ఈడ మొదటి మూడు గాళ్ళు ఒక తీరు, లోపటివి ఒక తీరు. ఒక్క స్టడ్డుకు రెండు చూడీలు ఎట్ల ఉంటయ్?”

“తయారీలోపం,” అన్నాను. కరపత్రంలో అచ్చయిన మాట అది.

“గాదు. ఎక్కనిదాన్ని ఎవరో ఎక్కిచ్చిన్రు. వంకర షురూ చేసిన్రు. నూనె ఎయ్యలే. ఆగితే ఎందుకాగిందని అడగలే, ఇంకింత గుంజిన్రు. జెర కోపం మనిషి. ఎడమ చేతి వాటం.”

లేచి నిలబడ్డాను. “ఇది జ్యోతిషం! ఇనపముక్క చూసి మనిషి గుణం చెప్పడమేమిటి? వంకరగా ఎక్కిందంటే ఒప్పుకుంటాను, నూనె లేదంటే ఒప్పుకుంటాను. ఎడమ చెయ్యని ఈ స్టడ్డు చెప్పిందా? ఆధారమేది?”

“స్టడ్డు చెప్పలే సార్. మీ అరచెయ్యి చెప్పింది. సర్వపిండి అందుకున్నప్పుడు చూసిన. బొబ్బ ఇంకా మానలే.”

అండాలు ఇచ్చిన చాయ్ గ్లాసు నా ఎడమ చేతిలో ఉంది. స్పానరు ఒరుసుకున్న చోట బొటనవేలి కింద ఎర్రగా బొబ్బ. యాదగిరి నవ్వు ఆపుకోలేక మిషను మీద చెయ్యి ఆనించి వంగిపోయాడు. “పరేషాన్ గాకున్రి సార్. వచ్చేటోళ్ళందరు ముందటి మెకానిక్ చేసిండనే చెప్తరు. కంపెనీ మీదికి నూకినోళ్ళు మీరే ఫస్ట్.”

చేతిగీతలు చూసి చెప్పేవాళ్ళను సభల్లో నిలదీసి, జీవితమంతా నా చెయ్యి ఎవరికీ చూపించలేదు. మొదటిసారి ఒకరు చూశారు. చెప్పిందంతా నిజం.

అరవై అయిదు పళ్ళ చక్రం

కొత్త స్టడ్డు, రెండు నట్లు చేసి ఇవ్వడానికి మర్నాడు రమ్మన్నారు. వెళ్ళేసరికి పని మొదలవలేదు. అంగుళానికి ఇరవై ఆరు కోయాలంటే మిషనుకు అరవై అయిదు పళ్ళ చక్రం తగిలించాలట. ఆ చక్రం కనపడటం లేదు. యాదగిరి గది అంతా వెతికాడు. ఆఖరికి అండాలు వంటింట్లోంచి, “ఆవకాయ జాడీ మీద ఉన్నది, నువ్వే వెట్టినవ్ గదా!” అని కేకేసింది. మూత ఎగరకుండా బరువు పెట్టాడట. ఇంగ్లండు బండి మరకూ సికింద్రాబాదు ఊరగాయకూ మధ్య ఆ చక్రం ఒక్కటే సంబంధం. తుడిచి తగిలించారు. గది అంతా వేడినూనె, ఆవపిండి కలిసిన వాసన.

మధ్యాహ్నానికి పని అయింది. తొమ్మిదివందలు తీసుకున్నారు. పొట్లం మీద మర పేరు రాసివ్వమన్నాను.

“రాయం,” అంది అండాలు. “మళ్ళ పోతే స్టడ్డు తెండ్రి, పేరు తేకున్రి.” తర్వాత నన్ను ఆ నట్టు ఎక్కించి చూపించమంది. నేను చెయ్యెత్తగానే ఆపింది. “ఆ చెయ్యి జేబుల వెట్టుకోన్రి. కుడి చేత్తోని, ఏళ్ళతోని తిప్పున్రి. యాడన్న ఆగితే ఆగున్రి. స్పానర్ ఆఖర్ల, ఒక్క పట్టు.”

ఎడమ చెయ్యి జేబులో పెట్టుకొని, బళ్ళో శిక్ష పడ్డవాడిలా నిలబడి, ఆ ఇద్దరి ముందు నట్టు తిప్పడం నేర్చుకున్నాను.

తిరుగురైల్లో కిటికీ పక్కన కూర్చొని ఒక లెక్క వేశాను. నట్టు పడుతుంది, బండి నడుస్తుంది, పందెం నాది. అండాలు చీరాల రాదు. తయారీలోపమని అచ్చులో ఉన్న మాటను కాదనేవాడు ఊళ్ళో ఎవడూ లేడు. ఆ లెక్క మూడు చుట్లు సాఫీగా తిరిగింది. నాలుగో చుట్టు వెంకటరత్నం చీలమండ దగ్గర బిగుసుకుంది.

ఆదివారం, చీరాల

తొమ్మిదిగంటలకే సంఘసభ్యులు తొమ్మిదిమందీ వెంకటరత్నం వాకిట్లో ఉన్నారు. ఆయన కుర్చీలో, కట్టుకట్టిన కాలు స్టూలు మీద. సుభద్రమ్మ పళ్ళెం, కొబ్బరికాయ, రెండు నిమ్మకాయలు సిద్ధం చేసి గుమ్మంలో నిలబడింది.

కొత్త స్టడ్డు దూర్చాను. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను. మా కోశాధికారి నవ్వాడు. కుడిచేతి వేళ్ళతో నట్టు తిప్పాను. ఒకటి. రెండు. మూడు. అందరూ ముందుకు వంగారు. నాలుగు. అయిదు. వేళ్ళతోనే మొదలంటా వెళ్ళి కూర్చుంది. స్పానరు, ఒక్క పట్టు. మా ఉపాధ్యక్షుడు బండెక్కి ఊరు చుట్టి వచ్చాడు. ఇంజను కదల్లేదు, నట్టు కదల్లేదు.

చప్పట్లు మొదలయ్యాయి. ఆపమని, జేబులోంచి కాయితం తీసి చదివాను. ‘మరకు మహిమ లేదు’ అన్న నా కరపత్రంలో శీర్షిక తప్ప మిగిలినదంతా తప్పు. లోపం తయారీది కాదు. స్కేలుతో కొలిచి నట్టు నేనే తప్పుది తెచ్చాను, ఆగినా ఆగకుండా బిగించి మర చెరిపాను, మిత్రుడు పడటానికి కారణం నేను. ఈ సవరణ కూడా అయిదువందల ప్రతులు వేయించాను, మొదటిది అందినవాళ్ళందరికీ ఇంటింటికీ వెళ్ళి నేనే ఇస్తాను.

వెంకటరత్నం తన కాలు చూసుకున్నాడు, నా వైపు చూశాడు. “స్కేలుతో కొలిచావా? మర కొలవడానికి స్కేలా!” అన్నాడు. లెక్కల మాస్టారు, ఆయనకు దెబ్బ అక్కడే ఎక్కువ తగిలింది.

సుభద్రమ్మ పళ్ళెం కింద పెట్టింది. నా దగ్గరికి వచ్చింది. “పందెం మీదే అన్నయ్యగారూ. పూజ ఊసెత్తను.” రెండు నిమ్మకాయలూ నా చేతికిచ్చింది. కుడిచేత్తో అందుకోబోతే తల అడ్డంగా ఊపింది.

“ఆ చెయ్యి కాదు. జేబులోది తియ్యండి. బలం దానికే కదా ఉంది. అందరికీ షర్బత్ చేస్తాను, పిండండి.”

రెండు కాయలకు పన్నెండుమందికి షర్బత్ రాదు. ఇంకో పది తెప్పించింది. పన్నెండూ నేనే పిండాను. బొబ్బ మీద నిమ్మరసం ఎలా మండుతుందో ఆ రోజే తెలిసింది.